దిగండి, మళ్ళీ ఎక్కండి

మూడో స్పీడు బ్రేకరు కనిపిస్తోంది, పసుపు చారలు చెరిగిపోయి, మధ్యలో ఎవరో తవ్వి సగం పూడ్చినట్టు ఒక గుంట. గుంట మీదుగా పోనిస్తే కుడి చక్రం తప్పించుకుంటుంది, ఎడమది మాత్రం ఎక్కాల్సిందే, ఎక్కితే కింద తగులుతుంది, సైలెన్సరైతే ఫరవాలేదు, ఇంజన్ కింద ఆయిలుండే చాంబరైతే మాత్రం అంతే సంగతులు, ఆయిలంతా రోడ్డు పాలు, కారు ఇక్కడే, పన్నెండు కొట్టేస్తుంది, అమ్మ పెళ్ళి ఆగిపోతుంది. ఆగిపోతుంది అన్న మాట దగ్గర నా బుర్ర ఒక్క క్షణం పనిచెయ్యడం మానేసింది. భయపడ్డానా? సంతోషించానా? రెండూ కాదు, ఏదో మధ్యలో, గేరు పడకుండా నలిగినప్పుడు చేతికి తెలిసే ఆ గరగర లాంటిది. బ్రేకు తొక్కి, "దిగండి" అన్నాను. ఈ ఉదయం నుంచి నేను పలికిన ఏకైక మాట అదే.

ముందు సీటులోంచి ఆయన, అమ్మని చేసుకోబోయే ఆయన, అప్పుడే దిగాడు. వెనక పిన్ని గొణుక్కుంటూ దిగింది. "ఇది కారు కాదురా, చాప. కూర్చుంటే కింద రోడ్డు మీద గులకరాళ్ళు ఒక్కొక్కటే గుచ్చుకుంటున్నాయి." అమ్మ రెండో తలుపులోంచి దిగుతోంది, ముందు కుడికాలు బయట పెట్టి, తలుపంచు పట్టుకుని, ఎడమ మోకాలిని చేత్తో జరుపుకుంటూ, ఆకుపచ్చ చీర కుచ్చిళ్ళు దుమ్ము తగలకుండా పిడికిట్లో ఎత్తిపట్టుకుని. మధ్యలో ఆయనగారి అక్క మాత్రం కదల్లేదు. మొదటి బ్రేకరు దగ్గరే ఆవిడ చెప్పేసింది. "నన్ను దింపితే మళ్ళీ ఎక్కించడానికి మీ షెడ్డు నుంచి జాకీ తేవాలి అబ్బాయ్, నేనిక్కడే ఉంటా, మీరు కానివ్వండి." ముగ్గురు దిగితే ఒకరు ఉన్నా ఫరవాలేదు. ఆయన బ్రేకరుకి అవతల నిలబడి, నడుం వంచి కారు కిందకి చూస్తూ చేత్తో పిలుస్తున్నాడు, రానీ రానీ, కొంచెం ఎడమకి, ఇంకొంచెం. ఐమూలగా ఎక్కించాలి, ఒక చక్రం తర్వాత ఒక చక్రం, ఇది నాకెవరూ చెప్పక్కర్లేదు, వీల్ అలైన్‌మెంట్ చేసే షెడ్డులో పదకొండేళ్ళుగా పనిచేస్తున్నాను, అయినా ఆయన చేతివంకే చూస్తూ తిప్పుతున్నాను, అది చూసి నాకే ఒళ్ళు మండుతోంది. నాలుగు చక్రాలూ దిగాయి. ఏమీ తగల్లేదు. మళ్ళీ ఎక్కారు.

టైం పదీ యాభై రెండు. రిజిస్ట్రారు ఆఫీసులో మాకిచ్చిన గడువు పన్నెండు లోపు. దాటితే మళ్ళీ నెల తర్వాతే తారీఖు అని అక్కడి గుమాస్తా రెండుసార్లు ఫోన్ చేసి మరీ చెప్పాడు. ముగ్గురు సాక్షులు కావాలి, పిన్ని ఒకటి, ఆయనక్క రెండు, మూడోవాణ్ణి నేను. కొడుకుని. అమ్మ పెళ్ళికి కొడుకు సాక్షి. ఈ మాటని ఎటునుంచి పట్టుకోవాలో తెలియక ఎనిమిది నెలలుగా తిప్పి తిప్పి చూస్తున్నాను. అమ్మకి యాభై ఎనిమిది, ఆయనకి అరవై ఒకటి, వద్దనడానికి నేనెవర్ని, సరే అనడానికి మాత్రం నేనెవర్ని. నాన్న పోయి ఐదేళ్ళయింది, ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు, లోకం కూడా ఏమీ అనలేదు, అని ఉంటే బాగుండేది, వాళ్ళమీద ఒంటికాలి మీద లేచి అమ్మ పక్షాన దెబ్బలాడేవాణ్ణి, అలా దెబ్బలాడుతూ నా సంగతి నేను మర్చిపోయేవాణ్ణి. ఎవరూ ఏమీ అనకపోవడంతో నాకు నేనే మిగిలాను.

అసలు నన్ను అడిగింది కూడా ఎలాగని. నేను ఈ కారు కిందే వెల్లకిలా పడుకుని ఉన్నాను, నోట్లో స్పానరు, చేతులు రెండూ పైన, ఆయిలు బొట్లు చెవిలోకి కారుతున్నాయి. అమ్మ వచ్చి నిలబడింది. నాకు చెప్పులే కనిపిస్తున్నాయి. ఆ చెప్పులు అటూ ఇటూ కదిలాయి, ఆగాయి, ఆ పైనుంచి మాట వచ్చింది. "ఒరేయ్, కాటా గారూ నేనూ పెళ్ళి చేసుకుందామనుకుంటున్నాం. నువ్వేమంటావ్?" స్పానరు నోట్లో పెట్టుకుని మనిషి ఏమనగలడు? సరే అన్నాను. సరే అని కూడా అనలేదేమో, ఏదో హూ లాంటి శబ్దం. చెప్పులు మరో నిమిషం అక్కడే ఉండి వెళ్ళిపోయాయి. సాయంత్రానికి పిన్ని ఫోన్ చేసి బంగారం లాంటి కొడుకువిరా అని ఏడ్చింది. అంతే, నా ఒప్పుదల అయిపోయింది, మళ్ళీ ఎవరూ అడగలేదు, కారు కిందనుంచి బయటికొచ్చాక ఒక్కసారైనా మొహం చూసి అడగొచ్చుగా. అడిగితే ఏం చెప్పేవాణ్ణో మాత్రం నన్నడక్కండి.

నాలుగో బ్రేకరు స్కూలు ముందు. ఇది కొత్తది, నున్నగా, ఎత్తుగా, దీన్ని వేసినవాడెవడో పగబట్టి వేసినట్టున్నాడు. "దిగండి." దిగారు. అమ్మ ఈసారి రోడ్డు దాటేటప్పుడు ఒక అడుగు తడబడింది, ఆయన చెయ్యి చాచాడు, ఆమె పట్టుకోలేదు, చాచిన చెయ్యి మాత్రం పక్కనే ఉంది, ఇద్దరూ అలా మధ్యలో జానెడు ఖాళీతో బ్రేకరు దాటారు. నేను అద్దంలోంచి చూడకూడదనుకుంటూనే చూశాను. ఆ జానెడు ఖాళీ నాకోసం ఉంచారా, నేను చూస్తున్నానని? లేకపోతే పట్టుకునేవారా? పట్టుకుంటే నాకేమయ్యేది? వెనక సీట్లోంచి ఆయనక్క, "మా తమ్ముడు ముప్పై ఏళ్ళు లారీలు తూచాడు అబ్బాయ్, మనుషుల్ని కూడా తూచేస్తాడు, జాగ్రత్త" అని ఒక్కతే నవ్వుకుంది. నిజమే. పొద్దున అందరం బయల్దేరేటప్పుడు ఆయన మమ్మల్నందర్నీ ఒక్క చూపు చూశాడు. "అక్కా, నువ్వు మధ్యలో కూర్చో, చివర కూర్చుంటే ఆ పక్క చక్రం పైన రేకుకి రాసుకుంటుంది" అన్నాడు. కారు నాది, స్ప్రింగులు కోసింది నేను, రేకుకి రాసుకుంటుందన్న సంగతి నాకు తట్టలేదు. అప్పటినుంచి అరికాలి మంట నెత్తికెక్కి కూర్చుంది, దిగడం లేదు.

ఈ స్ప్రింగులు. కారు నాన్నది. నాన్న పంపుహౌసులో షిఫ్టు ఇన్‌చార్జి, నాలుగు పెద్ద మోటార్ల మధ్య ఇరవై ఆరేళ్ళు, ఆ మోతలో మాట్లాడి మాట్లాడి ఇంట్లో కూడా పొట్టిగా, గట్టిగా, రెండేసి మాటలే. అన్నం పెట్టు. లైటు ఆర్పు. చెడ్డవాడు కాడు. నాకు డ్రైవింగ్ నేర్పినప్పుడు కూడా పక్కన కూర్చుని క్లచ్చి, బ్రేకు, క్లచ్చి, బ్రేకు అనడమే తప్ప భేష్ అన్నది లేదు, కానీ మొదటిసారి నేనొక్కణ్ణే రోడ్డు మీదికి తీసుకెళ్ళి వచ్చేదాకా గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. నాన్న పోయిన మూడో నెలలో, ఎందుకో ఇప్పటికీ తెలియదు, షెడ్డులో అందరూ వెళ్ళిపోయాక నాలుగు స్ప్రింగులూ విప్పి ఒక్కోదాంట్లో చుట్టున్నర కోసి పారేశాను. కారు నేలకి అతుక్కుపోయింది. చూడ్డానికి భలేగా ఉందన్నారు తోటి మెకానిక్కులు. అమ్మ మాత్రం చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "అయితే ఇందులో ఇంకెవరూ ఎక్కడానికి లేదన్నమాట" అంది. నేను అదేం లేదమ్మా అన్నాను. నాతోపాటు ఒక్కరెక్కితే ఫరవాలేదు. ముగ్గురం ఏనాడూ ఎక్కలేదు. ఎక్కడానికి ఇంట్లో మూడో మనిషీ లేడు.

మరి ఇవాళ్టికి పిన్ని వ్యాను మాట్లాడింది కదా, దాన్ని వద్దన్నదెవరు? నేనే. నా కారుండగా వ్యానెందుకు పిన్నీ, అమ్మని నేనే తీసుకెళ్తాను. ఆ మాటకి అమ్మ కళ్ళు తడిశాయి, నేను కళ్ళారా చూశాను, ఎవరో నాకు మెడల్ ఇస్తున్నట్టు నిలబడ్డాను. ఐదుగురు ఎక్కితే ఈ కారు కడుపు నేలకి ఈడుస్తుందని నాకు తెలియదా? పదకొండేళ్ళ అలైన్‌మెంట్ మెకానిక్కి? ఎవరైనా నమ్ముతారా? నేనే నమ్మడం లేదు. ప్రేమతోనే అన్నాను. ప్రేమతోనే అన్నానని అనుకుంటున్నాను. మరి ఊరి మొదట్లో ఆ కూడలి దగ్గర, ఎడమకి తిరిగితే బైపాస్, పొడవునా ఒక్క బ్రేకరు లేదు, ఇరవై నిమిషాల్లో ఆఫీసు ముందు ఉండేవాళ్ళం, ఎడమ ఇండికేటరు కూడా వేశాను, టిక్ టిక్ టిక్ మంటోంది, పచ్చలైటు పడింది, చెయ్యి తిప్పలేదు. కారు తిన్నగా పాత రోడ్డులోకి వచ్చేసింది. ఇండికేటరు ఇంకా కొట్టుకుంటూనే ఉంది, ఆయన చెయ్యి చాచి మెల్లిగా ఆపాడు. ఎవరూ ఏమీ అనలేదు. పాత రోడ్డు మీద ఎనిమిది బ్రేకర్లున్నాయి, నాకు లెక్క తెలుసు.

ఐదోది. దిగండి. "ఒరేయ్, ఇలా అయితే నడిచే వెళ్దాం, నీ కారుని కూడా మనమే మోసుకుపోదాం" అంది పిన్ని. "మీరేమంటారు బావగారూ?" బావగారూ! అప్పుడే! నోరారా, ఏ తడబాటూ లేకుండా, ఎప్పట్నుంచో ఉన్న బావని పిలిచినట్టు. ఆయన సిగ్గుపడి తల వంచుకున్నాడు, అరవై ఒక్కేళ్ళ మనిషి చెవులు ఎర్రబడ్డాయి. కాటా గారు అని అమ్మ పెట్టిన పేరు. అమ్మ కోల్డ్ స్టోరేజీలో స్లిప్పులు రాసే ఉద్యోగం, ఎండాకాలంలో కూడా స్వెట్టరు వేసుకుని, ముక్కు ఎర్రగా. అక్కడ లోడయిన ప్రతి లారీ ఊరి చివర ఈయన పనిచేసే కాటాకి వెళ్ళి బరువు తూయించుకోవాలి, ఆ బరువు అమ్మ స్లిప్పులో రాసిన దానితో సరిపోవాలి, సరిపోయిందా లేదా అని రోజుకి పదిసార్లు ఫోన్. తొమ్మిదేళ్ళు ఒకరి మొహం ఒకరు చూడకుండా మాట్లాడుకున్నారట. ఖాళీ బండి ఎంత, లోడు బండి ఎంత, బండి బయల్దేరింది, బండి వచ్చింది. దీన్ని పిన్ని అందరికీ సినిమా కథలా చెబుతుంది.

తొమ్మిదేళ్ళు. నాన్న పోయి ఐదు. ఈ లెక్క దగ్గరకొచ్చేసరికి ఆగిపోతాను. నాకు ఇరవై రెండేళ్ళప్పుడు, నాన్నా నేనూ అమ్మని ఇంటికి తీసుకురావడానికి వెళ్ళాం, నాన్న ఇదే కారులో స్టీరింగు ముందు, పిలుచుకురమ్మని నన్ను లోపలికి పంపాడు. ఆఫీసు గది తలుపు ఓరగా ఉంది. అమ్మ ఫోన్లో ఉంది. "ఖాళీ బండి ఎంత?" అని అడిగి, అవతలివాళ్ళు చెప్పింది విని, నవ్వింది. మామూలు నవ్వు కాదు, కడుపులోంచి వచ్చింది, బల్ల పట్టుకుని మరీ నవ్వింది. ఖాళీ బండి బరువులో నవ్వడానికేముంది? బయట నాన్న హారన్ కొట్టాడు. అమ్మ ఇంకా నవ్వుతోంది. రెండోసారి కొట్టాడు. మూడో హారన్‌కి ఫోన్ పెట్టేసింది, స్వెట్టరు సర్దుకుంది, నన్ను చూసింది. పద అంది. కారెక్కేసరికి ఆ నవ్వు ఎక్కడా లేదు, ఎంత వెతికినా కనిపించలేదు. ఇంట్లో అమ్మ అలా నవ్వగా నేనెప్పుడూ వినలేదు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికేముంది, ఒక మనిషి ఫోన్లో నవ్వింది, అంతేగా. కానీ నాన్న ఉన్నప్పుడేనా? అప్పట్నుంచేనా? అదొక్కటీ తెలిస్తే సంతకం పెట్టాలో వద్దో తేలిపోతుంది అనిపిస్తుంది. తెలిస్తే ఏం తేలుతుందో కూడా తెలియదు. అమ్మని అలాంటి మాట ఎలా అడుగుతాను? ఏ నోటితో?

ఆరు. ఏడు. దిగండి, ఎక్కండి, దిగండి, ఎక్కండి. ఇప్పుడు నేను చెప్పక్కర్లేకుండానే తలుపులు తెరుచుకుంటున్నాయి. ఏడో బ్రేకరు మీద చిన్నగా కర్రుమంది, ఆయన చెయ్యి ఎత్తి ఆపి, మోకాళ్ళ మీద కూర్చుని చూసి, ఏం కాలేదు బాబూ, సైలెన్సరే, అన్నాడు. ఇస్త్రీ ప్యాంటుకి రెండు మోకాళ్ళ దగ్గరా గుండ్రంగా మట్టి. పెళ్ళికొడుకు. నాకు నవ్వొచ్చింది, నవ్వలేకపోయాను. ఈ మనిషి మీద కోపం తెచ్చుకోవడానికి పొద్దుట్నుంచీ నానా తంటాలు పడుతున్నాను, తెచ్చుకున్నది తెచ్చుకున్నట్టే జారిపోతోంది, అప్పుడు ఇంకా కోపం వస్తుంది. పదకొండున్నర దాటింది. అద్దంలో అమ్మ మొహం. చెమట. పౌడరు చెమటకి చారలైంది. మోకాలు నొక్కుకుంటోంది, నేను చూస్తున్నానని తెలియగానే చెయ్యి తీసేసింది. ఎన్నిసార్లు దించాను ఈమెని? ఏడుసార్లు. ఒక్కసారి కూడా అబ్బా అనలేదు. అనమ్మా, తిట్టమ్మా, బైపాస్ ఉండగా ఈ దిక్కుమాలిన రోడ్డెందుకురా అని గట్టిగా ఒక్క మాట అను, నేను బతికిపోతాను.

ఎనిమిదోది గడిచింది. ఆఫీసు కనిపించింది, లేత గులాబీరంగు గోడ, ఇనుప గేటు. గేటు దగ్గర సిమెంటు వాలు ఉంటుందన్నది నా లెక్కలో లేదు. రోడ్డు నుంచి నిట్టనిలువుగా లేచి, పైన ఒక పదునైన అంచు. ఇంకో ఇరవై గజాలు అవతలైనా ఆపొచ్చు. ఆపలేదు. అమ్మని లోపలిదాకా తీసుకెళ్ళి దింపాలి అనుకున్నాను, ఈసారైనా నడిపించకుండా. నిజంగా అలాగే అనుకున్నాను, ఒట్టు. ముందు చక్రాలు ఎక్కాయి, తర్వాత కింద ఏదో పెద్దగా కూర్చున్న శబ్దం, పిన్ని కెవ్వుమంది, చక్రాలు ఊరికే తిరిగాయి, రబ్బరు మాడిన వాసన. కారు కడుపు అంచు మీద ఎక్కి కూర్చుంది. ముందుకీ రాదు, వెనక్కీ పోదు. గేటుకి అడ్డం.

అందరూ దిగారు. ఆయనక్క కూడా దిగింది, ఎవరూ పట్టుకోకుండా, తలుపు చట్రం పట్టుకుని, ఉఫ్ మని. కారు కదల్లేదు. ఆయన నేలమీద దాదాపు పడుకుని చూశాడు, లేచి నా కిటికీ దగ్గరికొచ్చాడు. "వేలెడు లేస్తే చాలు. నువ్వూ దిగు బాబూ. డెబ్బై కిలోల దాకా ఉంటావు. నువ్వు దిగితే లేస్తుంది."

నేను దిగలేదు. స్టీరింగు పట్టుకునే ఉన్నాను. వెనక ఎవరో హారన్ కొడుతున్నారు. దిగాలని తెలుసు, దిగితే ఈ ఉదయమంతా నా చేతిలో ఉన్న పని అయిపోతుంది, ఇక నేను డ్రైవరుని కాదు, గదిలో కలం పట్టుకోవాల్సిన కొడుకుని. డ్రైవింగులో ఉన్నంతసేపు నేనేమీ అనుకోకుండా ఉండొచ్చు, ఎడమా కుడీ చూసుకుంటే చాలు. కాళ్ళు కదల్లేదు. కావాలని కాదు. కావాలనే ఏమో. ఆయన ఇంకోసారి పిలవబోయాడు, అమ్మ చెయ్యెత్తి ఆపింది. పిన్నినీ ఆయనక్కనీ లోపలికెళ్ళి గుమాస్తాని కాస్త మాటల్లో పెట్టమంది. ఆయన తనంతట తనే గేటు స్తంభం దాకా వెళ్ళి, మాకు వీపు పెట్టి నిలబడ్డాడు.

అమ్మ తలుపు తీసి పక్క సీటులో కూర్చుంది. కారు ఇంకో పిసరు కుంగింది.

"బైపాస్ మీదుగా వస్తే ఈపాటికి అయిపోయేది" అంది.

"నీకు తెలుసా?"

"ఈ ఊళ్ళో లారీలు ఏ రోడ్డున పోతాయో నాకు తెలీదట్రా? ఇండికేటరు వేసి తిప్పలేదు చూడు, అప్పుడే తెలిసింది."

"మరి ఏమీ అనలేదేం?"

"నీకేదో తేలడం లేదు. తేలేదాకా దిగుతూ ఎక్కుతూ ఉందామనుకున్నా." మోకాలు నొక్కుకుంది, ఈసారి దాచుకోకుండా. "కారు కింద ఉన్నప్పుడు అడగడం నా తప్పు. నీ మొహం చూస్తూ అడిగే ధైర్యం లేక అప్పుడు అడిగాను. ఇప్పుడు చూస్తున్నాను. అడగాల్సిందేదో అడుగు. ఆ తర్వాత వద్దంటే వద్దు."

వెనక హారన్. వదిలెయ్ అమ్మా, ఏం లేదు, అనబోయాను, నోట్లోంచి వచ్చింది మాత్రం అది కాదు.

"నాన్న ఉన్నప్పుడేనా?"

అన్న తర్వాత కారంతా ఆ మాటే నిండిపోయింది. అమ్మ నా వైపే చూస్తోంది. కోపం రాలేదు, ఏడవలేదు, తల తిప్పుకోలేదు. అబద్ధం వెతుక్కుంటున్నట్టు లేదు.

"నవ్వడం అప్పుడే" అంది. "మిగతాదంతా తర్వాత."

అంతే. నాకేమనిపించింది? నాన్న మీద జాలి. ముందు అదే. మూడుసార్లు హారన్ కొట్టి బయట కూర్చున్న మనిషి మీద, లోపల ఏం జరుగుతోందో తెలియని, తెలిసినా ఎలా అడగాలో తెలియని, రెండు మాటలకి మించి రాని మనిషి మీద జాలి. ఆ వెంటనే ఈమె మీద, ఏళ్ళ తరబడి స్వెట్టరు కింద నవ్వు దాచుకుని కారెక్కిన మనిషి మీద. రెండూ ఒకేసారి వచ్చాయి, ఒకదాన్ని పెట్టుకుని ఒకదాన్ని పారేద్దామంటే కుదరడం లేదు. తేలిపోతుందనుకున్నాను. ఏమీ తేలలేదు. ఎవరిది తప్పు? ఎవరిదీ కాకపోతే మరి నాకెందుకిలా ఉంది? తెలియదు. ఒక్కటి మాత్రం తెలిసింది, ఇది తెలియాలంటే అమ్మని ఇంకో నెల ఆపితే చాలదు, ఇంకో ఐదేళ్ళు ఆపినా చాలదు.

"నాకింకా ఏమీ అర్థం కాలేదమ్మా" అన్నాను.

"నాకు మాత్రం అంతా అర్థమైందనుకున్నావా?" అంది. "టైమెంతయింది?"

"పన్నెండుకి పది తక్కువ."

"అయితే దిగు."

ఆమె దిగింది. నేను గేరు న్యూట్రల్లో వేసి, హ్యాండ్ బ్రేకు వదిలి, తలుపు తీసి కాలు బయట పెట్టాను. నేను లేవగానే కారు కిర్రుమని అంచు మీంచి వేలెడు పైకి లేచింది, ఆయన చెప్పినంతే. ఆయన పరుగున వచ్చి ముందు బానెట్ మీద రెండు చేతులూ వేశాడు, పక్కనే నేనూ వేశాను, ఇద్దరం తోస్తే అది వెనక్కి జారి, రోడ్డు పక్కకి చేరి ఆగింది. ఆయన చేతులు దులుపుకుంటూ నా మొహంలోకి చూశాడు. పదండి అన్నాను.

అమ్మ మా కోసం ఆగలేదు. గేటు దాటి, ఆవరణ సగం దాటి వెళ్ళిపోయింది, మోకాలు ఈడుస్తూ, కుచ్చిళ్ళు పిడికిట్లో పట్టుకుని గబగబా, దుమ్ము రేపుకుంటూ. ఆమె తన కోసం అంత తొందరగా నడవడం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. అమ్మా ఉండు, నేను లేకుండా ఎలా అవుతుంది, అని అరుస్తూ వెనకే పరుగెత్తాను.